ఉక్కు కాళ్ల షెడ్డు

నాచారంలో తారామణి షెడ్డును అందరూ ఉక్కు కాళ్ల షెడ్డు అంటారు. ట్రాలీ ఆటోవాళ్లకు చిరునామా చెప్పే పని లేదు. పరిశ్రమల వాడ చివర, చెరువు వైపు, ఉక్కు కాళ్ల షెడ్డు అంటే చాలు, తెచ్చి దింపుతారు. ఆ కాళ్లు మాత్రం ఎవరికీ కనబడవు. భూమిలో ఉంటాయి.

షెడ్డు కట్టింది తారామణి మామ. అక్కడ కాస్త తవ్వితే నల్లమట్టి, ఇంకాస్త తవ్వితే బురద. రాతి పునాది వేస్తే కుంగుతుందని మేస్త్రీలు చెప్పారు. ఆయన పోయి రైల్వేవాళ్లు వేలంలో అమ్మిన పాత పట్టాలు కొనుక్కొచ్చాడు. మూడు కాళ్ల చట్రం నిలబెట్టి, దాని మీది నుంచి ఇనుప దిమ్మెను వదులుతూ పట్టాలను నిలువునా భూమిలోకి దిగగొట్టించాడు. కింద గట్టినేల తగిలి దిమ్మె ఎగిరి పడేదాకా కొట్టించాడు. పట్టాల తలల మీద కాంక్రీటు దూలాలు పోయించి, దూలాల మీద గోడలు లేపి, నేలకు కూడా ఆ దూలాల మీదే షాబాదు బండలు పరిపించాడు. అందులో బీరువాలు చేయడం మొదలుపెట్టాడు.

ఆయన కొడుక్కి బడిలో పంతులు ఉద్యోగం వచ్చింది. ఇనుప రేకుల మీదికి కొడుకు మనసు పోలేదు, కోడలి మనసు పోయింది. పెళ్లయిన కొత్తలో తారామణి మామకు సద్ది తెచ్చి, గిన్నె ఖాళీ అయినా ఇంటికి పోకుండా నిలబడి చూసేది. మడత దగ్గర రేకు పగలకుండా ఎట్లా వంచాలో, తలుపు చప్పుడు లేకుండా మూసుకోవాలంటే కీలు ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పాడు. ఆమె నేర్చుకుంది. మామ పోయాక షెడ్డు నడపడం ఆమె పనే అయింది. ఇప్పుడామెకు యాభై దాటాయి.

షెడ్డులో పనిచేసేవాళ్లు ముగ్గురు. దేవానందం బీరువాలకు రంగు వేస్తాడు. అందరికంటే పెద్దవాడు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు షెడ్డుకు వస్తాడు. ఉప్పలయ్య రేకు కోసి వంచుతాడు. మహిపాల్ వెల్డింగ్ చేస్తాడు. మిగతా ఇద్దరి కంటే చిన్నవాడు కాబట్టి వాళ్లను ఆటపట్టించే పని కూడా అతనిదే.

దసరాకు ఈ వాడలో ప్రతి షెడ్డూ మిషన్లు కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడుతుంది. తారామణి షెడ్డులో ఇంకొక పని ఉంటుంది. కట్టిన మొదటి ఏడాదే మామ ఒక మాట అన్నాడు. మిషన్లకు బొట్టు పెడుతున్నాం, ఆ మిషన్లను మోసే కాళ్లకు పెట్టొద్దా అని. అప్పటి నుంచి ప్రతి దసరాకూ గోడ వెంట గుంతలు తీసి, నడుము లోతు దాకా పట్టాలను బయటపెడతారు. ఇనుప బ్రష్షుతో తోముతారు. దేవానందం రెడ్ ఆక్సైడ్ వేస్తాడు. అతను బొట్టు పెట్టడు. రంగు ఆరాక పక్కకు జరిగి నిలబడతాడు, ఉప్పలయ్య పెడతాడు. ఈ ఏర్పాటు మీద ఏనాడూ చర్చ జరగలేదు. ఆ తర్వాత గుంత నింపుతారు. మట్టి తిరిగి పోయరు. మట్టి నీళ్లు పట్టి ఉంచుతుందని, పక్క వీధిలో బాయిలర్ ఉన్న ఫ్యాక్టరీ నుంచి బొగ్గు బూడిద తెచ్చి పోస్తారు. బూడిద పొడిగా ఉంటుందన్నది దేవానందం ఆలోచన. బీరువాలు చేసేవాళ్లకు తుప్పు మీద తెలిసిన మందు రంగే. ఏడాదికో పూత పడితే ఏ ఇనుముకైనా ఢోకా లేదని ముగ్గురూ నమ్మారు, తారామణి కూడా నమ్మింది.

ఒక్క కాలికి మాత్రం ఈ సేవ అందలేదు. వాకిలి మూలన ఉన్న పట్టా. బీరువాలు ఆటోలోకి ఎక్కించడానికి అక్కడ మామ మొదట్లోనే సిమెంటు ర్యాంపు పోయించాడు. కాలు దాని కింద ఉండిపోయింది. ఉప్పలయ్య ప్రతి దసరాకూ ర్యాంపు మీద ఒక బొట్టు పెట్టి, చేతులు జోడించి, తప్పు కాయమని అడిగి వచ్చేవాడు.

ఈ ఏడు వానాకాలంలో వెనక మూలన పెట్టిన బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. మహిపాల్ మూశాడు. మళ్లీ తెరుచుకుంది. కీళ్లు సరిచూశారు, బాగానే ఉన్నాయి. ఆ బీరువాను వాకిలి దగ్గరికి జరిపితే తలుపు కదలకుండా నిలబడింది. ఇంకొక బీరువాను వెనక మూలకు తెస్తే దాని తలుపూ తెరుచుకుంది. నేల వాలిందని తారామణికి అర్థమైంది. వినాయక చవితి వారంలో వెనక గోడ మీద పగులు కనబడింది.

పీర్జాదిగూడలో అపార్టుమెంట్లు కట్టే నరేందర్ ఆమెకు తమ్ముడి వరుస. పిలిస్తే వచ్చి చూశాడు. పగుల్లో వేలు పెట్టి చూశాడు, నేల మీద గోలీ పెట్టి అది ఎటు దొర్లుతుందో చూశాడు. తర్వాత బయటికి వచ్చి చెప్పాడు.

"అక్కా, ఇనుము నేలల పెడితే ఉంటదా? వానల బెల్లం పెట్టినట్టే గద. ఇన్నేండ్లు నిలవడుడే ఎక్కువ. పండుగ కాంగనే దించేద్దాం. మీద వడ్డదంటే ఎవరు జవాబు చెప్తరు?"

అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. షెడ్డు కూల్చి దించితే ఏమవుతుందో కూడా దాచలేదు. చెరువుకు ఇంత దగ్గర కొత్తగా కట్టుకోనివ్వరు. షెడ్డు కూల్చేశారంటే అక్కడ బీరువాల పని అయిపోయినట్టే. నారపల్లి దాటాక జాగా చూడొచ్చన్నాడు. తారామణి ఒకరోజు పోయి చూసి వచ్చింది. పొలాల మధ్య హద్దురాళ్లు పాతి ఉన్నాయి. జాగాకు వంక పెట్టేందుకేమీ లేదు. కానీ దేవానందం మోకాళ్ల నొప్పులతో అంత దూరం రాలేడు. ఉప్పలయ్య ఇల్లు షెడ్డుకు నాలుగు గుమ్మాల అవతల. అతను బస్సెక్కి పనికి పోవడం ఆమె ఊహకు అందలేదు. మహిపాల్‌కు ఎక్కడైనా పని దొరుకుతుంది, కానీ ఆ దొరికే పని ఇంకెవరి దగ్గరో. షెడ్డు పోతే ఈ నలుగురూ మళ్లీ ఒక చోట చేరరని ఆమెకు తెలుసు. ఈ మాట చెప్పడానికి ఆమె వాళ్లను కూర్చోబెట్టింది. విన్నాక ముగ్గురూ లేచి ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. షెడ్డులో రోజూ మోగే రేడియోను ఆ రోజు పెట్టలేదు.

ఆ వారమే ఉప్పల్ నుంచి మనస్విని వచ్చింది. ఆమె తండ్రి గోపాలరావు భీమవరం వైపు నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డాడు. ఆ ఇంట్లో తారామణి షెడ్డులో చేసిన బీరువా ఉంది. దాని తాళంచెవి పోయింది, కొత్తది చేయించుకుందామని వచ్చింది. మహిపాల్ కొత్త తాళంచెవిని ఆకురాయితో రాస్తుండగా వెనక మూలన బీరువా తలుపు తెరుచుకుంది. మనస్విని అటు చూసింది. ఆమె ఉద్యోగం ఇళ్లకూ వంతెనలకూ పునాదులు వేసే ముందు మట్టిని పరీక్షించడం. తలుపు ఎందుకు తెరుచుకుందని అడిగింది. తారామణి మొత్తం చెప్పింది.

"తవ్వి చూడకుండా కుళ్లిపోయాయని ఎలా అనుకున్నారు ఆంటీ?" అంది మనస్విని.

"తవ్వకేంది బిడ్డా, ఏటా తవ్వుతం," అన్నాడు ఉప్పలయ్య.

మనస్విని అతని వైపు తిరిగింది. ఏటా ఎందుకు తవ్వుతారని అడిగింది. ఉప్పలయ్య, దేవానందం ఒకరి మాట ఒకరు అందుకుంటూ దసరా సంగతి చెప్పారు. ఇనుప బ్రష్షు, రెడ్ ఆక్సైడ్, బూడిద, బొట్టు. చెబుతున్నప్పుడు వాళ్ల గొంతులో కాస్త గర్వం ఉంది. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, ఆదివారం పరికరాలు తెచ్చుకుని వస్తానంది. ఆదివారమంటే దేవానందం చర్చి అయ్యాక రావాలి. అందాకా ఆగుతానంది.

ఆదివారం మధ్యాహ్నం వెనక మూల కాలు దగ్గర తవ్వారు. బూడిద మెత్తగా పారలోకి వచ్చింది. ఆ ఏడు వానలన్నీ అందులోనే ఉన్నట్టు తడిగా ఉంది. నడుము లోతుకు పట్టా బయటపడింది. రెడ్ ఆక్సైడ్ పూత మెరుస్తోంది. దేవానందం గుంత గట్టు మీద కూర్చుని, చూడమన్నట్టు చెయ్యి చాపాడు.

మనస్విని గుంతలోకి దిగి సుత్తితో పట్టాను తట్టింది. రంగు రేకులాగా ఊడి పడింది. ఒక పొర కాదు, అన్ని దసరాలూ ఒకదాని మీద ఒకటి అతుక్కుని అప్పడంలాగా వచ్చాయి. వాటి వెనక నుంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంకో దెబ్బ వేసింది. పట్టా నడుమ సన్నగా ఉండే భాగంలో చిల్లి పడింది. మహిపాల్ వంగి అందులో వేలు పెట్టాడు. వేలు అవతలికి పోయింది.

తారామణి పోయి రంగు డబ్బా మీద కూర్చుంది. నరేందర్ చెప్పిందే నిజమని, ఇక నారపల్లి జాగాకు సరేనని ఫోన్ చేయాలని అనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా.

మనస్విని ఇంకా గుంతలోనే ఉంది. బూడిద పిడికెడు తీసుకుని నలిపి చూసింది. ఎక్కడి నుంచి తెస్తారని అడిగింది. దేవానందం చెప్పాడు, ఈసారి గర్వం లేకుండా. ఆమె ఇంకా కిందికి తవ్వమంది. కిందికి ఎప్పుడూ పోలేదన్నాడు ఉప్పలయ్య. అందుకే తవ్వమంటున్నానంది.

బూడిద అయిపోయి నల్లమట్టి మొదలైంది. ఆ రెండూ కలిసే చోట పట్టా అన్నిటికంటే ఎక్కువ తినేసి ఉంది. అక్కడి నుంచి పని కష్టమైంది. మట్టి పారకు అంటుకుని వదల్లేదు, పలుగుతో పెళ్లగించాల్సి వచ్చింది. జానెడు దిగాక తుప్పు తగ్గింది. ఇంకొంచెం దిగాక పట్టా మీద నల్లని పొర తప్ప ఏమీ లేదు. మనస్విని సుత్తితో కొట్టింది. పైన కొడితే డబ్బా మోగినట్టు మోగిన ఉక్కు కింద గంటలాగా మోగింది. తారామణి ఆ చప్పుడు విని లేచి వచ్చింది.

మీరు ఎప్పుడూ తవ్వని కాలు ఏదైనా ఉందా అని మనస్విని అడిగింది.

ఉప్పలయ్య చెప్పాడు. వాకిలి కాలుందని, దానికి ఇంతవరకూ రంగు లేదు, పూజ లేదని, అసలు ఈ పగులుకు అదే కారణమని తన అనుమానమని చెప్పాడు. ఏ సేవా అందని కాలు అలిగి కుంగితే వెనక గోడ గుంజుకుపోయి పగిలిందని అతని లెక్క.

"దాన్ని చూద్దాం," అంది మనస్విని.

"ఒద్దు బిడ్డా. దాన్ని చూస్తే ఉన్న ధైర్యం గూడ పోతది."

చూడాలంటే ర్యాంపు పగలగొట్టాలి. ర్యాంపు పోతే బీరువాలు ఆటో ఎక్కవు. కాలు కుళ్లిపోయి ఉంటే ర్యాంపూ పోయినట్టే, షెడ్డూ పోయినట్టే. తారామణి ఫోన్‌ను కొంగులో ముడి వేసుకుంది. సమ్మెట తెమ్మని మహిపాల్‌కు చెప్పింది. మొదటి దెబ్బ తానే వేసింది.

సిమెంటు పెచ్చులు తీసేసరికి పొద్దు వాలింది. కింద మట్టి ఎవరూ కదపని మట్టి. పలుగు పోటుకు ముద్దగా ఊడొచ్చింది. మహిపాల్ పట్టా చుట్టూ తీసి, బకెట్ నీళ్లు పోసి గుడ్డతో తుడిచాడు. తుడిచి ఆగాడు.

"వదినె, అక్షరాలు గనవడ్తున్నయ్," అన్నాడు.

పట్టా తయారైనప్పుడు కార్ఖానాలో పక్కన అచ్చొత్తిన ఉబ్బెత్తు అక్షరాలు. ఆ వెనక ఏవో అంకెలు. వేలితో తడిమితే అంచులు ఇంకా పదునుగా తగులుతున్నాయి. మనస్విని మందం కొలిచే పరికరం తెచ్చి పైనొక చోట, కిందొక చోట పెట్టి చూసింది. ఆ రకం పట్టాకు కొత్తగా ఉన్నప్పుడు ఉండాల్సిన మందానికి, ఇప్పుడున్న మందానికి తేడా గోటి అంచంత కూడా లేదని చెప్పింది.

ఉప్పలయ్య ఆ పట్టా ముందు గొంతుక్కూర్చున్నాడు.

అప్పుడు మనస్విని విడమరిచి చెప్పింది. ఇనుము తుప్పు పట్టడానికి నీళ్లొక్కటే సరిపోవు, గాలి కూడా కావాలి. కదపని బంకమట్టి పట్టాను గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాని సందుల్లో నీళ్లుంటాయి కానీ గాలి ఆడదు. అందువల్ల దిగగొట్టిన ఉక్కు అందులో ఏళ్లకేళ్లు అట్లాగే ఉంటుంది. వీళ్లు ఏటా తవ్వి గాలిని లోపలికి పంపారు. పైగా బూడిద పోశారు. గుల్లగా ఉంటుంది కాబట్టి గాలీ నీళ్లూ రెండూ అందులోకి దిగుతాయి, తడిసిన బొగ్గు బూడిదలో ఉక్కును తినే లవణాలు ఉంటాయి. తోమిన ప్రతిసారీ రంగులో గీతలు పడి ఉంటాయి. గీత పడ్డ చోటల్లా తుప్పు లోపలికి పోయి, మీద పూసిన కొత్త రంగు చాటున పనిచేసుకుంది.

"బీరువాకు రంగు మంచిదే," అంది. "ఇది బీరువా కాదు. దీనికి మీరు ఏమీ చేయకుండా ఉండటమే మంచిది."

దేవానందం వంగి ఆ పట్టా మీద చెయ్యి పెట్టాడు.

"అంటే, మేం సేవ జేసినయన్ని ఖరాబైనయ్. సెయ్యనిదొక్కటే మంచిగున్నది. గంతేనా?" అన్నాడు.

"అంతే."

"రంగు మంచి కంపెనీది బిడ్డా."

"రంగు తప్పేం లేదు తాతయ్యా."

తారామణికి మొదట నవ్వు రాలేదు. వెనక గుంత వైపు చూసింది, వాకిలి గుంత వైపు చూసింది. ఏటా పండుగ నాడు తెల్లవారే లేచి, పారలు పట్టుకుని, ఒకరినొకరు తొందరపెట్టుకుంటూ షెడ్డు కాళ్లను విరగగొట్టుకున్న నలుగురు మనుషులు ఆమె కళ్ల ముందు కదిలారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. ఆమె నవ్వు చూసి మహిపాల్ నవ్వాడు. దేవానందం కాసేపు బిగబట్టాడు కానీ అతని పొట్ట ఊగడం మొదలైంది.

"మామా," అన్నాడు మహిపాల్ ఉప్పలయ్యతో, "గా కాలును ఏటా మాఫీ అడుగుతుంటివి గద. ఇగ మిగిలిన కాళ్లన్నిటిని అడుగు. తిరిగి తిరిగి అడుగు."

"నువ్వు తోమలేదార? బ్రష్షు వట్టింది నువ్వు గాదు?" అన్నాడు ఉప్పలయ్య. అని తనూ నవ్వాడు.

షెడ్డు కట్టిన తన మామ ఉంటే ఏమనేవాడో అని తారామణి అంది. ముందు మహిపాల్‌ను తిట్టేవాడని ఉప్పలయ్య, ముందు ఉప్పలయ్యను తిట్టేవాడని మహిపాల్ వాదించుకున్నారు. అసలు మొదలుపెట్టింది మామేనని అప్పటికి గాని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఇంకోసారి నవ్వారు.

మిగిలిన కాళ్లు కూడా తవ్వి చూశారు. అన్నిటిదీ ఒకటే కథ. బూడిద ఉన్నంత మేర తుప్పు, కింద మంచి ఉక్కు. బాగా తినేసింది వెనక మూలదే, అటు చూరు నీళ్లు పడతాయి కాబట్టి. షెడ్డు దించాల్సిన పని లేదని మనస్విని చెప్పింది. దూలాల కింద జాకీలు పెట్టి బరువు ఎత్తి పట్టాలి, చెడిపోయిన మేర కోసి తీసి కొత్త ఉక్కు అతకాలి, అతుకును చుట్టి మంచి ఉక్కు మొదలయ్యే దాకా కాంక్రీటు పోయాలి, తవ్వితీసిన నల్లమట్టినే మళ్లీ వేసి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాలి. చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేటట్టు కాలువ తియ్యాలి. ఆ తర్వాత ఎవరూ పార పట్టుకుని అటు పోకూడదు.

తారామణి నరేందర్‌కు ఫోన్ చేసింది. అతను మర్నాడు వచ్చి వాకిలి కాలు చూశాడు. గోరుతో గీకి చూశాడు. బెల్లం సంగతేమైందని మహిపాల్ అడిగితే, ఇది పాకం పట్టిన బెల్లమని చెప్పి, జాకీలు ఎక్కడ దొరుకుతాయో వెతకడానికి పోయాడు. కాంక్రీటు పని తన మనుషులే చేస్తారన్నాడు.

అతికే పని మహిపాల్‌ది. పట్టా ఉక్కు బీరువా రేకులాంటిది కాదని, చల్లగా ఉన్నప్పుడు వెల్డింగ్ పెడితే అతుకు పక్కన పగులుతుందని, ముందు వేడి చేయాలని, తర్వాత నెమ్మదిగా చల్లారనివ్వాలని మనస్విని చెప్పింది. అతను మొదట మిగిలిన పట్టా ముక్క మీద చేసి చూపించాడు. ఆమె సుత్తితో కొట్టి, కోసి, లోపల చూసి సరేనంది. అప్పుడు గుంతలోకి దిగాడు. దేవానందానికి పని లేకపోయింది. పెయింట్ డబ్బా పట్టుకుని గుంతల చుట్టూ తిరుగుతుంటే తారామణి చూసి, జాకీల దగ్గర కూర్చోబెట్టింది. దూలం ఒక నూలుపోగంత కదిలినా కేక వేయాలి. అతను రోజంతా దూలాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి కేక వేశాడు. అది దూలం కాదు, బల్లి.

కాంక్రీటు గట్టిపడ్డాక, దసరా ఇంకా వారముందనగా, బరువు పరీక్ష పెట్టారు. వెనక మూలన దూలానికి గడియారంలాంటి ఒక సూది పరికరం బిగించింది మనస్విని. నేల వెంట్రుక మందం దిగినా అందులో సూది తిరుగుతుంది. షెడ్డులో ఉన్న రేకుల కట్టలన్నీ తెచ్చి ఆ మూలన పేర్చారు. మామూలుగా అక్కడ ఎప్పుడూ పెట్టనంత బరువు. సూది కొంచెం కదిలి ఆగింది. ఒక రాత్రి, ఒక పగలు అట్లాగే ఉంచారు. తారామణి ఏ పని మీద ఉన్నా మధ్య మధ్య పోయి సూదిని చూసింది. ఎవరైనా దాని పక్క నుంచి నడిస్తే మెల్లగా నడవమంది.

మర్నాటి సాయంత్రం మనస్విని వచ్చి చూసింది. రేకులు తీసేయించింది. సూది వెనక్కి వచ్చి, మొదలైన చోటికి చేరువలో నిలబడింది. తెల్లవారి ఇంకొకసారి చూసి కాగితం రాసిస్తానంది. ఆమె గొడుగు తీసేసరికి వాన పెద్దదైంది. బయటికి పోలేక నిలబడింది.

అప్పుడే వీధిలో ఆడవాళ్ల మాటలు వినిపించాయి. బతుకమ్మలు ఎత్తుకుని చెరువు దగ్గరి మైదానానికి బయలుదేరినవాళ్లు. మైదానం నీళ్లపాలైంది. తంగేడు, గునుగు పూలు తడవకుండా కొంగులు కప్పి, షెడ్డు చూరు కిందికి వచ్చి నిలబడ్డారు. ముందున్నది ఉప్పలయ్య భార్య. వాళ్ల వెనక దేవానందం భార్య సువార్తమ్మ కూడా ఉంది. ఆడటానికి కాదు, చూడటానికి వచ్చానని చెప్పింది. ప్రతి ఏడూ అట్లాగే చెప్పి, రెండో చుట్టుకల్లా వలయంలో ఉంటుంది. రేకులు తీసేసిన షెడ్డు నేల ఖాళీగా ఉంది. ఆ సంగతి అందరి కంటా పడింది.

తారామణి మనస్విని వైపు చూసింది.

"నేల మీద ఇంతమంది ఎగురుతే ఏం గాదా?"

"ఆ రేకుల బరువులో వీళ్లు సగం కూడా ఉండరు ఆంటీ."

"సగం గూడ లేమంట," అంది ఉప్పలయ్య భార్య వెనక్కి తిరిగి. "ఎన్నడన్న విన్నరా గిసొంటి మంచి మాట?"

ఆడవాళ్లు నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. బతుకమ్మలను నడుమ పెట్టారు. ముగ్గురు మగవాళ్లు బీరువాలను గోడ వైపు జరిపారు. ఉప్పలయ్య భార్య పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు. వలయం తిరగడం మొదలైంది. షెడ్డు రేకుల మీద వాన, కింద చప్పట్లు.

తారామణి వలయంలోకి పోలేదు. వెనక మూలన దూలం పక్కన వంగి సూదిని చూస్తోంది. చప్పట్లు పడ్డప్పుడల్లా సూది వణికి తిరిగి అక్కడికే వస్తోంది. ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో సువార్తమ్మ వలయంలో ఉంది. మూడో చుట్టులో మనస్విని చెప్పులు విప్పి చేరింది. అడుగు తప్పినప్పుడల్లా పక్కామె ఆమె మోచేయి పట్టి తిప్పుతోంది. తారామణి ఇంకా సూది దగ్గరే ఉంది.

సువార్తమ్మ వలయంలో నుంచి చెయ్యి చాపి ఆమె భుజం పట్టుకుంది. "లే తారామణీ. ఎంతసేపు సూస్తవ్? మా ముసలాయన ఉన్నడు గద సూసెటందుకు, మొన్న బల్లిని గూడ ఇడిసిపెట్టలే."

దేవానందం వచ్చి సూది ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. తారామణి కొంగు దోపుకుని వలయంలోకి పోయింది.

గోడ పగిలిన కథ వీధి మొత్తానికీ తెలుసు. ఏ మూల కుంగిందో, ఎవరు కుంగేటట్టు చేశారో కూడా తెలుసు. వలయం తిరుగుతూ వెనక మూలకు వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు కావాలనే కాలు గట్టిగా వేస్తున్నారు. తన వంతు వచ్చినప్పుడు తారామణి కూడా వేసింది.